కౌమారుల విలువలపై సంస్కృతి, మతాల ప్రభావాన్ని అధ్యయనం చేయడం ఎలా?

ఒక సమాజంలోని పదిహేనేళ్ల పిల్లలు దేన్ని మంచిగా భావిస్తారు, దేనికి సిగ్గుపడతారు, ఎవరి మాటకు విలువ ఇస్తారు అన్న ప్రశ్నలకు జవాబు వెతికేవారు తరచుగా ఆ సమాజంలోని ప్రధాన మతం పేరుతోనే మొదలుపెడతారు. జపాన్ అనగానే సమష్టి భావన, అమెరికా అనగానే వ్యక్తి స్వేచ్ఛ, ముస్లిం సమాజం అనగానే క్రమశిక్షణ అంటూ పేరును బట్టి విలువలను ముందే ఊహించుకుని, ఆ ఊహకు సరిపోయే ఉదాహరణలను ఏరుకుంటారు. అలా తయారైన వ్యాసం చదవడానికి బాగానే ఉంటుంది కానీ, అందులో పిల్లలు ఎక్కడా కనిపించరు. ప్రాజెక్టు నివేదిక రాసే విద్యార్థులకు, తరగతిలో ఈ అంశాన్ని చర్చకు పెట్టే ఉపాధ్యాయులకు, వివిధ నేపథ్యాల యువతతో పనిచేసేవారికి పనికివచ్చే పద్ధతి వేరు. ఒక విలువ ఎవరి ద్వారా, ఏ సందర్భంలో, ఏ ఒత్తిడితో పిల్లలకు చేరుతున్నదో చూసి, వారు దానిలో ఎంత తీసుకున్నారో, ఎంత వదిలేశారో పరిశీలించాలి.

ముందుగా దేన్ని విలువ అంటున్నారో తేల్చుకోండి

నమ్మకం, అలవాటు, విలువ అనే మూడింటినీ కలిపేయడం వల్లనే ఈ అంశంపై రాసే రాతల్లో సగం గందరగోళం పుడుతుంది. ఇస్లాం సంప్రదాయంలో రంజాన్ ఉపవాసం యుక్తవయస్సు వచ్చినప్పటి నుంచి విధిగా మారుతుంది. పద్నాలుగేళ్ల అమ్మాయి ఉపవాసం ఉన్నదంటే ఆమె ఆచారాన్ని పాటిస్తున్నదని మాత్రమే తెలుస్తుంది. ఆ ఉపవాసంలో ఆమెకు ప్రధానమైనది దైవాజ్ఞను పాటించడమా, ఆకలిని ఓర్చుకునే నిగ్రహమా, పేదల బాధను పంచుకోవడమా, ఇంటిల్లిపాదితో కలిసి ఉన్నానన్న తృప్తా, లేక పెద్దదాన్నయ్యానన్న గర్వమా అన్నది అడిగితే తప్ప తెలియదు. ఒకే ఇంట్లోని ఇద్దరు పిల్లలు ఒకే ఉపవాసానికి రెండు వేర్వేరు కారణాలు చెప్పవచ్చు.

విలువ అసలు రూపం బయటపడేది రెండు మంచి విషయాలు ఢీకొన్నప్పుడే. పెద్దలను గౌరవించాలా అని అడిగితే దాదాపు ప్రతి సమాజంలోనూ పిల్లలు అవుననే అంటారు. నిజం చెప్పాలా అని అడిగినా అంతే. తాతగారి పరువు కాపాడాలంటే అబద్ధం చెప్పక తప్పని పరిస్థితిలో ఏం చేస్తావని అడిగినప్పుడు సమాధానాలు చీలిపోతాయి. మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో ప్రతిపాదించిన నమూనా ఈ విషయంలో ఉపయోగపడుతుంది. ఆయన అనేక దేశాల సమాచారం ఆధారంగా పది మౌలిక విలువలను గుర్తించి, వాటిని ఒక వలయంలో అమర్చారు. సంప్రదాయం, కట్టుబాటు ఒక పక్కన ఉంటే, స్వయం నిర్ణయం, కొత్తదనం వాటికి ఎదురుగా ఉంటాయి. ఒకదానికి ప్రాధాన్యం పెరిగితే ఎదురుగా ఉన్నదానికి తగ్గే అవకాశం ఎక్కువ. కాబట్టి అధ్యయనం మొదట్లోనే ఇలాంటి ఒక జంటను ఎంచుకుని, ఆ జంట పరిధిలోనే ప్రశ్నను కుదించుకోవడం మేలు. కౌమారుల విలువలన్నింటినీ ఒకే వ్యాసంలో పట్టుకోవాలనుకుంటే ఏదీ చేతికి చిక్కదు.

మతం ఎక్కడ ఆగుతుంది, సంస్కృతి ఎక్కడ మొదలవుతుంది?

ఈ గీత గీయడం ఈ పని మొత్తంలోనూ కష్టమైనది. కనుక దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. అన్నిటికంటే నమ్మదగిన మార్గం, ఒకే మతం రెండు భిన్న సంస్కృతులలో ఎలా ఉన్నదో, ఒకే సంస్కృతిలో రెండు మతాలు ఎలా ఉన్నాయో పోల్చి చూడటం.

ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాకు చెందిన మినాంగ్‌కబావు ప్రజలను తీసుకోండి. వారు ముస్లింలు; అదే సమయంలో వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కించే సమాజం వారిది. పూర్వీకుల ఇల్లూ పొలమూ స్త్రీల ద్వారానే తరువాతి తరానికి సంక్రమిస్తాయి. ఆ పెద్ద ఇంట్లో గదులు ఆడపిల్లలకు, వారి భర్తలకు ఉండేవి కానీ, ఎదిగే మగపిల్లలకు ఉండేవి కావు. అందువల్ల సంప్రదాయికంగా అబ్బాయిలు రాత్రిళ్లు సురావు అనే ప్రార్థనా మందిరంలో పడుకునేవారు. ఖురాన్ చదవడం నేర్చుకున్నదీ, సిలాట్ అనే యుద్ధవిద్య అభ్యసించినదీ, పెద్దల కథలు విన్నదీ అక్కడే. ఆ తరువాత మెరంతావు పేరిట ఊరు విడిచి పరాయి ప్రాంతాలలో అనుభవం, సంపాదన గడించి రావడం యువకుడి కర్తవ్యంగా ఉండేది. ఇప్పుడు సురావులో పడుకునే అలవాటు చాలావరకు పోయింది; మెరంతావు మాత్రం నిలిచి ఉంది. ఆ అబ్బాయిల స్వావలంబనకు కారణం ఇస్లామా, మాతృవంశ ఆచారమా అని అడిగితే, ఆ ప్రశ్నే తప్పు. ఇంటి నిర్మాణం పిల్లవాణ్ణి మందిరానికి పంపింది, మందిరం అతనికి మతాన్ని నేర్పింది, ఆస్తి నియమం అతన్ని ఊరు దాటించింది. ఇలా కారణాలను ఒకదాని తరువాత ఒకటిగా పేర్చి చూపగలిగితే, మతం వంతు ఎంత, సంస్కృతి వంతు ఎంత అని శాతాలు లెక్కకట్టాల్సిన అవసరం ఉండదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఉత్తర ఐర్లాండ్. అక్కడ క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు ఒకే భాష మాట్లాడతారు, ఒకే వాతావరణంలో, చాలావరకు ఒకే రకమైన జీవన విధానంలో పెరుగుతారు. అయినా ఎక్కువ మంది తమ వర్గం వారే అధికంగా ఉన్న పాఠశాలల్లో చదువుతారు. రెండు వర్గాల పిల్లలను కావాలనే ఒకచోట చదివించే మొదటి సమీకృత పాఠశాల లాగన్ కాలేజీ 1981లో మొదలైంది. ఈ రెండు వర్గాల మధ్య దశాబ్దాల హింసకు తెరదించిన 1998 నాటి శాంతి ఒప్పందం తరువాత కూడా అలాంటి బడులకు వెళ్లేది కొద్దిమందే. ఇక్కడ మతం పేరు సిద్ధాంతాన్ని కాక వర్గాన్ని సూచిస్తుంది. ప్రార్థనకు ఎన్నడూ వెళ్లని కుర్రవాడు కూడా తాను ఏ వైపువాడో చెప్పగలడు. ఇలాంటి చోట మీరు ఎంత తరచుగా ప్రార్థన చేస్తారని అడిగే ప్రశ్నావళి అసలు విషయాన్ని పట్టుకోలేదు. నీ స్నేహితులు ఎవరు, ఏ వీధి గుండా నడవడానికి జంకుతావు అని అడగాలి.

మత విశ్వాసం తొలగిపోయాక కూడా దాని ఆచార రూపం మిగిలిపోవచ్చన్నది కూడా గమనించాలి. ప్రొటెస్టెంట్ శాఖలలో ఒకటైన లూథరన్ చర్చి సంప్రదాయం ఉన్న దేశాలలో పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో కన్ఫర్మేషన్ అనే విశ్వాస దృఢీకరణ క్రతువు జరుగుతుంది. నార్వేలో 1951 నుంచి దానికి ప్రత్యామ్నాయంగా, దేవుడి ప్రసక్తి లేని పౌర కన్ఫర్మేషన్ కూడా ఉంది. తూర్పు జర్మనీలో 1950ల మధ్యలో కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చికి పోటీగా యూగెండ్‌వైహె అనే వేడుకను ప్రవేశపెట్టి, పద్నాలుగేళ్ల పిల్లల చేత సోషలిస్టు రాజ్యం పట్ల ప్రతిజ్ఞ చేయించింది. నిరాకరించినవారికి ఉన్నత విద్యలో అడ్డంకులు ఎదురయ్యేవి. 1990లో ఆ రాజ్యమే అంతరించింది, ప్రతిజ్ఞా పోయింది, వేడుక మాత్రం ఆ ప్రాంతంలో నేటికీ జరుగుతున్నది. బంధువులు కూడుతారు, పిల్లలకు కానుకలు ఇస్తారు, నీవిక చిన్నపిల్లవు కావని చెబుతారు. చర్చి, రాజ్యం రెండూ పక్కకు తప్పుకున్నా కుటుంబానికి ఆ మలుపు అవసరమైందన్నమాట. క్రతువును చూసి వెంటనే విశ్వాసాన్ని ఊహించకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

పిల్లలే గీసే గీతను వినండి

పెద్దలు మతాన్నీ నీతినీ ఒకటిగా మాట్లాడినా, పిల్లలు వాటిని విడదీయగలరు. మనస్తత్వవేత్తలు లారీ నూచి, ఎలియట్ ట్యూరియల్ 1993లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని చక్కగా చూపింది. వారు ఆమిష్-మెన్నొనైట్ క్రైస్తవ కుటుంబాల పిల్లలతో, సంప్రదాయ యూదు కుటుంబాల పిల్లలతో మాట్లాడారు. రెండూ మత నియమాలను కచ్చితంగా పాటించే సమాజాలే. మతగ్రంథంలో దేవుడు ఈ విషయం గురించి ఏమీ చెప్పకపోయి ఉంటే, ఆ పని చేయడం సరైనదేనా అన్నది వారు అడిగిన కీలకమైన ప్రశ్న. విశ్రాంతి దినాన పని చేయడం వంటి నియమాల విషయంలో, దేవుడు చెప్పకపోతే చేయవచ్చని పిల్లలలో అధికులు అన్నారు. దొంగతనం, ఇతరులను గాయపరచడం విషయంలో మాత్రం, దేవుడు చెప్పకపోయినా అది తప్పేనన్నారు. ఎదుటివారికి నష్టం, బాధ కలుగుతాయని కారణం చెప్పారు.

ఈ ప్రశ్నను మీరు ఏ సమాజంలోనైనా, ఏ మతంవారినైనా అడగవచ్చు. మతం స్థానంలో దేశ చట్టాన్నో, ఇంటి కట్టుబాటునో పెట్టి కూడా అడగవచ్చు: ఈ నియమం లేకపోతే ఈ పని చేయవచ్చా, మరో దేశంలో ఇది మామూలే అయితే అక్కడివారు తప్పు చేస్తున్నట్టా? జవాబులను మూడు దొంతరలుగా వేరు చేయండి. నియమం ఉన్నా లేకున్నా తప్పే అన్నవి ఒకటి, నియమం ఉన్నది కాబట్టి తప్పు అన్నవి రెండవది, అది నా ఇష్టం అన్నవి మూడవది. సమాజాల మధ్య అసలైన తేడాలు తరచుగా మొదటి దొంతరలో కాక, రెండవ, మూడవ దొంతరల మధ్య సరిహద్దులో కనిపిస్తాయి. దుస్తులు, స్నేహాలు, చదువు ఎంపిక, పెళ్లి ఎవరి నిర్ణయం అన్న ప్రశ్నలు ఒకచోట వ్యక్తిగతం, మరొకచోట కుటుంబ విషయం. ఇంట్లో తల్లిదండ్రులకు, పిల్లలకు జరిగే వాదనలు కూడా ఎక్కువగా ఈ సరిహద్దు దగ్గరే జరుగుతాయి.

ఎంపిక ఉన్నట్టు కనిపించే చోట నియమాలను లెక్కపెట్టండి

అమెరికాలోని ఆమిష్ సమాజంలో పెద్దయ్యాక తీసుకున్న బాప్తిస్మమే చెల్లుతుంది. అందువల్ల పదహారేళ్లు వచ్చిన పిల్లలు ఇంకా చర్చి సభ్యులు కారు. వారికి రుమ్‌స్ప్రింగా అనే కొంతకాలపు వెసులుబాటు ఉంటుంది. దీన్ని టెలివిజన్ కార్యక్రమాలు విచ్చలవిడితనంగా చిత్రించాయి కానీ, ఎక్కువ మందికి అది తోటివారితో పాటలు పాడుకోవడం, జీవిత భాగస్వామిని వెతుక్కోవడం వరకే పరిమితం. చివరికి నూటికి ఎనభై మందికి పైగా బాప్తిస్మం తీసుకుని సమాజంలోనే ఉండిపోతారు.

ఈ అంకెను చూసి, స్వేచ్ఛ ఇచ్చినా పిల్లలు సంప్రదాయ విలువలనే ఎంచుకున్నారని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఆ ఎంపిక చుట్టూ ఏమున్నదో చూడండి. 1972లో విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఎనిమిదో తరగతి తరువాత తమ పిల్లలను బడికి పంపాలని ఆమిష్ కుటుంబాలను రాష్ట్రం బలవంతపెట్టరాదని తీర్పు చెప్పింది. కాబట్టి నిర్ణయం తీసుకునే నాటికి ఆ పిల్లల చదువు ముగిసి ఏళ్లు గడిచి ఉంటుంది. వారి ఇంటి భాష వేరు, నైపుణ్యాలు పొలానికి, చేతిపనులకు సంబంధించినవి, స్నేహితులూ బంధువులూ అందరూ ఆ సమాజంలోనే ఉంటారు. బాప్తిస్మం తీసుకున్నాక విడిచి వెళితే బహిష్కరణ ఎదురవుతుంది. తీసుకోకముందే వెళితే ఆ శిక్ష సాధారణంగా ఉండదు. ఇన్ని కారణాల మధ్య నిజమైన విశ్వాసమూ ఉంటుంది, తమవారితోనే ఉండాలన్న ప్రేమా ఉంటుంది. వాటిని కొట్టిపారేయడం కూడా అంతే అన్యాయం. మీ పని మాత్రం తలుపు తెరిచి ఉన్నదని చెప్పి ఊరుకోవడం కాదు. దాటినవారికి అవతల ఏం దొరుకుతుందో, ఇవతల ఏం పోతుందో కూడా రాయాలి.

ఇదే ప్రశ్నలను ఇతర క్రతువులకూ వేయండి. మయన్మార్‌లో అబ్బాయిలకు జరిపే షిన్‌ప్యూలో, యువరాజు వేషంలో ఊరేగిన పిల్లవాడు గుండు చేయించుకుని కొద్దికాలం బౌద్ధ సామణేరుడిగా, అంటే శిష్య సన్యాసిగా, ఉంటాడు. యూదు సంప్రదాయంలో పదమూడేళ్ల అబ్బాయి మత నియమాలకు తానే బాధ్యుడవుతాడు. మొదటిదానిలో తల్లిదండ్రులకు పుణ్యం లభిస్తుందన్న భావన బలమైనది, రెండవదానిలో పిల్లవాడి సొంత బాధ్యత ముఖ్యం. ఎవరి కోసం ఈ క్రతువు అన్న ఒక్క ప్రశ్న ఇలాంటి తేడాను బయటికి తెస్తుంది.

ఇల్లు, బడి, చట్టం

మత విలువలు ఒక తరం నుంచి మరో తరానికి అందడంలో బోధన కంటే బంధం పాత్ర పెద్దదని చెప్పే ఆధారం ఉంది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా కుటుంబాలను కొన్ని దశాబ్దాల పాటు పరిశీలించిన వెర్న్ బెంగ్ట్‌సన్ బృందం, తల్లిదండ్రులతో, ముఖ్యంగా తండ్రితో ఆత్మీయమైన అనుబంధం ఉన్న పిల్లలు వారి మతాన్ని కొనసాగించే అవకాశం ఎక్కువని గమనించింది. నీతి బోధలు ఎన్ని విన్నారని కాక, ఇంట్లో ఎవరితో మనసు విప్పి మాట్లాడతారని అడగడం ఇందుకే అవసరం.

వలస కుటుంబాల విషయంలో ఆండ్రూ ఫులిగ్ని, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన పరిశోధన చదవదగ్గది. ఆసియా, లాటిన్ అమెరికా నేపథ్యం గల అమెరికన్ విద్యార్థులు, యూరప్ నేపథ్యం గలవారి కంటే కుటుంబ బాధ్యతకు ఎక్కువ విలువ ఇచ్చారు. అయితే ఆ బాధ్యతను అన్నిటికంటే బలంగా భావించినవారి మార్కులు, అతి తక్కువగా భావించినవారి మార్కులతో సమానంగా, కొన్నిసార్లు అంతకంటే తక్కువగా కూడా ఉన్నాయి. కుటుంబ విలువలు ఉంటే చదువు దానంతటదే వస్తుందన్న అభిప్రాయానికి ఇది అడ్డుకట్ట. ఇంటి పనులు, చిన్నవారి సంరక్షణ కూడా ఆ బాధ్యతలో భాగమేనని మరిచిపోకూడదు.

బడి, చట్టం విషయంలో ప్రతి దేశపు నియమాన్ని విడిగా చూసుకోవాలి. ఫ్రాన్స్ 2004లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థులు మతాన్ని ప్రస్ఫుటంగా చాటే చిహ్నాలను ధరించకూడదు. టర్కీ 1982 రాజ్యాంగం మత సంస్కృతి, నైతిక విద్యను బడిలో తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. ఒకే మతానికి చెందిన అమ్మాయికి ఒక దేశంలో తలపై వస్త్రం అణకువకు గుర్తు కావచ్చు, మరో దేశంలో అదే వస్త్రం నా నిర్ణయం నాదేనన్న ప్రకటన కావచ్చు. చట్టం విలువను సృష్టించకపోయినా, దాని అర్థాన్ని మార్చగలదు.

ప్రశ్నలు అడిగేటప్పుడు

అందుబాటులో ఉన్న అంతర్జాతీయ గణాంకాలను వాడుకోండి, కానీ అవి ఎవరివో ముందు చూడండి. 1981లో మొదలైన ప్రపంచ విలువల సర్వేలో, ఇంట్లో పిల్లలకు నేర్పదగిన గుణాలను ఒక జాబితా నుంచి ఐదింటి వరకు ఎంచుకోమని అడుగుతారు. విధేయత, స్వతంత్రత, సహనం, మత విశ్వాసం, కష్టపడే తత్వం వంటివి అందులో ఉంటాయి. దేశాలను పోల్చడానికి అది చాలా మంచి ప్రశ్నే. అయితే జవాబు చెప్పేది ప్రధానంగా పద్దెనిమిదేళ్లు దాటినవారు. పిల్లలు ఎలా ఉండాలని పెద్దలు కోరుకుంటున్నారో అది చెబుతుంది. పిల్లలు ఎలా ఉన్నారో చెప్పదు. ఈ తేడాను పట్టించుకోకుండా ఆ అంకెలను టీనేజీ పిల్లల విలువలుగా చూపించే వ్యాసాలు కోకొల్లలు.

మీరే ప్రశ్నావళి తయారు చేసేటట్లయితే, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమనే పద్ధతిపై పూర్తిగా ఆధారపడకండి. ప్రతి ఒక్కరూ తమ చుట్టూ ఉన్నవారితో పోల్చుకుని మార్కులు వేస్తారు. అందరూ పెద్దల మాట వినే చోట, కాస్త ఎదురు చెప్పే అమ్మాయి తనకు విధేయతలో రెండే వేసుకుంటుంది. ఆ రెండు మరో దేశంలో నాలుగుకు సమానం కావచ్చు. దీనికి బదులు ఒక సంఘటన ఇవ్వండి. ఉదాహరణకు: పదహారేళ్ల విద్యార్థికి దూరపు నగరంలో తాను కోరుకున్న చదువుకు ప్రవేశం దొరికింది. అదే నెలలో తాతగారు మంచాన పడ్డారు. తల్లి ఒక్కతే చూసుకోవాలి. వెళ్లమని గానీ, వెళ్లవద్దని గానీ ఆమె అనలేదు. ఆ విద్యార్థి ఏం చేయాలి, ఎందుకు, వెళ్లిపోతే ఎవరైనా తప్పుపట్టవచ్చా అని మూడు ప్రశ్నలు అడగండి.

ఈ మూడింటిలో చివరిది చాలా విలువైనది. మనస్తత్వవేత్త జోన్ మిల్లర్ 1990ల ప్రారంభంలో మైసూరు, అమెరికాలోని న్యూహేవెన్‌లలో పోల్చి చూసినప్పుడు, సాయం చేయకపోవడాన్ని అమెరికన్లు చాలా సందర్భాలలో వ్యక్తిగత నిర్ణయంగా చూస్తే, మైసూరువారు నైతిక బాధ్యతగా చూశారు. ఏం చేస్తారన్న దగ్గర కంటే, చేయకపోతే తప్పా అన్న దగ్గర తేడా స్పష్టంగా తేలింది. మీకు వచ్చిన కారణాలను వర్గీకరించడానికి మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వేడర్ సూచించిన మూడు నైతిక భాషలు పనికివస్తాయి: వ్యక్తి హక్కులు, సంక్షేమం గురించినది ఒకటి, కుటుంబం, సమాజం పట్ల కర్తవ్యం గురించినది మరొకటి, పవిత్రత, దైవ నియమం గురించినది మూడవది. ఒకే పిల్లవాడి జవాబులో మూడూ వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏది ముందు వచ్చింది, ఏది ఇబ్బందిగా చివర్లో వచ్చింది అన్నది రాసుకోండి.

కాలం విషయంలో ఒక హెచ్చరిక. మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1920లలో పసిఫిక్ ద్వీపాలైన సమోవాకు వెళ్లి, అక్కడి ఆడపిల్లల కౌమారం పాశ్చాత్య దేశాలలో ఉన్నంత అలజడితో ఉండదని రాశారు. 1983లో మరో మానవశాస్త్రవేత్త డెరెక్ ఫ్రీమన్ ఆ నిర్ధారణలను తీవ్రంగా ఖండించారు. ఆ వివాదం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మీకు పనికివచ్చే సంగతి ఏమిటంటే, వారిద్దరూ చూసిన కాలాలు వేరు, ద్వీపాలు వేరు, మాట్లాడిన మనుషులూ చాలావరకు వేరు. కాబట్టి నివేదికలో సమోవా పిల్లలు అనో, జపాన్ పిల్లలు అనో రాయకుండా, ఏ ఊరివారు, ఏ సంవత్సరంలో, ఏ వయసువారు, బాలురా బాలికలా అన్నది ప్రతిచోటా రాయాలి. జపాన్‌లో చట్టపరమైన వయోజన వయస్సు 2022 ఏప్రిల్‌లో ఇరవై నుంచి పద్దెనిమిదికి తగ్గింది. అయినా అనేక పట్టణాలు వయోజన వేడుకను ఇరవై ఏళ్లవారికే జరుపుతున్నాయి. పెద్దవారు ఎవరన్న ప్రశ్నకే అక్కడ ఇప్పుడు రెండు జవాబులు ఉన్నాయి.

గోప్యత

పిల్లల విలువలు ఇంటివారి విలువలకు భిన్నంగా ఉండటం, ఆ సంగతి ఇంట్లో తెలియకపోవడం సర్వసాధారణం. అమెరికాలో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలతో, వారి తల్లిదండ్రులతో ప్యూ పరిశోధన కేంద్రం జరిపిన సర్వేలో, తమ మత నమ్మకాలన్నీ తల్లిదండ్రుల నమ్మకాలే అన్నవారు సుమారు సగం మంది మాత్రమే. భిన్నాభిప్రాయం ఉన్నవారిలో గణనీయమైన భాగం, ఆ సంగతి తల్లికో తండ్రికో తెలియదన్నారు. కొన్ని సమాజాలలో ఇలాంటి జవాబు బయటపడితే చదువు ఆగిపోవచ్చు, ఇల్లే దూరం కావచ్చు. కాబట్టి తల్లిదండ్రుల అనుమతి, పిల్లల అంగీకారం రెండూ విడివిడిగా తీసుకోండి. జవాబులు చూపించబోమని అనుమతి పత్రంలోనే తల్లిదండ్రులకు స్పష్టం చేయండి. అందుకు వారు ఒప్పుకోకపోతే ఆ పిల్లలను అధ్యయనంలో చేర్చుకోకండి. ఇంటర్వ్యూను పెద్దలు వినబడే దూరంలో జరపవద్దు. పేరు రాయకపోయినా, చిన్న ఊళ్లో వయసు, మతం, తండ్రి వృత్తి మూడూ కలిపి ఇస్తే మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. నివేదికలో వాటిలో కనీసం ఒకదాన్ని తీసివేయండి.